చాటలో పడని చప్పట్లు

మొన్నామధ్య మా ఊరి అంగన్‌వాడీ ఆయమ్మకు 65 ఏళ్లు నిండాయి. ఇంటికి సాగనంపుతూ చిన్న మీటింగు పెట్టారు. శాలువా కప్పి, దండ వేసి, నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె సేవ, ఓపిక, పిల్లల మీద ప్రేమ, అన్నీ చెప్పాను. కిందికి దిగుతుంటే ఆయమ్మ నా చెవిలో అన్నది: "మంచిగ జెప్పినవు నర్సమ్మా. గీ ఎండలల్ల ఈ శాలువా నేనేం జేసుకోవాలె?"

నేను 1984లో గద్వాల దగ్గర ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, చేరాను. వనపర్తి వైపు కొన్నేళ్లు, అచ్చంపేట వైపు కొన్నేళ్లు తిరిగి, 2020 జూన్‌లో సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. నేను చేరిన నాటికి అంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా, జనం నోట పాలమూరు. 36 ఏళ్లు సర్కారు జీతం తిన్నాను. 2004 సెప్టెంబరుకు ముందు చేరినదాన్ని కాబట్టి పాత పింఛనే వస్తుంది. నా పక్కనే, నా అంత పని చేసి, జీతమనే మాటకే నోచుకోనివాళ్లను కూడా అన్నేళ్లూ చూశాను. ఆయమ్మకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ తీర్చుకుందామని ఈ పది మాటలు రాస్తున్నాను.

1. పనితనం ఒకరిది, జీతం ఇంకొకరిది

నాకు కాన్పు చేయడం చేతికి అలవాటు చేసింది ఒక ముసలి మంత్రసాని. చదువు లేదు. పొట్ట మీద అరచేయి ఆనించి బిడ్డ తల ఎటుందో చెప్పేది. "తొందరపడకు బిడ్డా, దాని యాళ్లకు అదే వస్తది" అని నా చేయి పట్టి ఆపేది. నేర్చుకున్న నాకు నెలనెలా జీతం, నేర్పిన ఆమెకు రెండు శేర్ల జొన్నలు, ఒక పాత చీర. ఆడపిల్ల పుడితే ఆ చీర కూడా ఒక్కోసారి అనుమానమే.

తర్వాత మంత్రసానులను పిలిచి శిక్షణ ఇచ్చారు, కిట్లు ఇచ్చారు. కాన్పులు ఆసుపత్రులకు మారాయి, అది మంచికే మారింది. కానీ ఆమె ముసలితనం గురించి ఎవరూ ఒక్క కాగితం రాయలేదు. ఈనాటి ఆశ కార్యకర్తలను చూసినప్పుడల్లా నాకు ఆమె అరచేయి గుర్తొస్తుంది.

2. ముందు పేరు చదవండి, తర్వాత పైసలు లెక్కబెట్టండి

సర్కారు కాగితాల్లో నాకు వచ్చింది జీతం. అంగన్‌వాడీ టీచరుకు వచ్చేది గౌరవ వేతనం. ఆశకు వచ్చేది ప్రోత్సాహకం, లేదంటే పారితోషికం. ఇవన్నీ ఒకే అర్థం గల మాటలని చాలాకాలం అనుకున్నాను. జీతమంటే దాని వెనకాల కనీస వేతనం, పీఎఫ్, సెలవు, పింఛను వరసగా వస్తాయి. గౌరవ వేతనమంటే గౌరవంతోనే సరి.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఆశలు 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చారు. అంగన్‌వాడీ వాళ్లు ప్రభుత్వోద్యోగులు కారని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. వీళ్లందరినీ కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే ఉంది. యాభై ఏళ్లు నడిచిన పనిని ఇంకా పథకమనే అంటున్నాం. పథకంలో పనిచేసేవాళ్ల కడుపుకు మాత్రం పథకం ప్రకారం ఆకలి వేయదు.

3. నెల లెక్క మోసం చేస్తుంది, రోజు లెక్క కట్టండి

తెలంగాణలో 2021లో పెంచిన లెక్క ప్రకారం అంగన్‌వాడీ టీచరుకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. ఆయా సొమ్మును 30తో భాగించండి. రోజుకు 260. 2025లో ఉపాధి హామీ కూలి 307 రూపాయలని ప్రకటించారు. మట్టి పనిలో కొలత తక్కువైతే కూలి తగ్గుతుంది, నిజమే. అయినా కాగితం మీద గడ్డపారకు కట్టిన విలువ, ముప్పై మంది పిల్లల ముక్కులు తుడిచి, బువ్వ వండి, ఎంగిలి గిన్నెలు కడిగే చేతులకు కట్టలేదు. ఆశకు 2022 నుంచి 9,750. అంటే రోజుకు 325.

ఇంకో లెక్క. పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్లి చూడాలి: 3వ రోజు, 7, 14, 21, 28, 42వ రోజు. బరువు తూయాలి, జ్వరం చూడాలి, తల్లి పాలు పడుతున్నాయో లేదో కనిపెట్టాలి. ఈ ఆరుసార్లకు కలిపి కేంద్రం ఆశకు కట్టిన ధర 250 రూపాయలు. ఒక్కోసారికి 42 కూడా పడదు. గద్వాల పట్టణంలో ఆరు గడపలు దాటితే ఆ ఇల్లు వస్తుంది. నల్లమలలో చెంచు పెంటకు పోవాలంటే అడవి దాటాలి, వాన పడితే వాగు దాటాలి. బిల్లులో మాత్రం గడపా వాగూ ఒకటే.

4. అన్ని పనులూ చేసేవాడికి ఏ పని కూలీ పూర్తిగా రాదు

2009 అక్టోబరు 2న తుంగభద్ర అలంపురం మీదికి వచ్చింది. ఇళ్లూ గుళ్లూ మునిగాయి. నీళ్లు తీశాక మేం బ్లీచింగ్ పొడి, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పట్టుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లకు పోయాం. మాకంటే ముందే మోకాటి లోతు బురదలో సఫాయి వాళ్లు ఉన్నారు. చచ్చిన గొడ్లను తాళ్లు కట్టి లాగుతున్నారు. కాళ్లకు బూట్లు లేవు. ఒకామె పాదానికి రేకు గీరుకుని రక్తం కారుతుంటే టీటీ ఇంజెక్షను ఇచ్చాను. "సూది నొప్పి ఏం లేదమ్మా, ఇయ్యాల కూలి కడ్తరో లేదో" అన్నది. ఎన్ని బస్తాల బ్లీచింగ్ చల్లామో ఆ సాయంత్రం రిపోర్టులో రాశాం. బురద ఎత్తినవాళ్ల పేర్లు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

2019 చివర్లో 51వ జీవోతో పంచాయతీ కార్మికులను మల్టీపర్పస్ వర్కర్లన్నారు. పొద్దున చీపురు, పదింటికి ట్రాక్టరు, మధ్యాహ్నం మొక్కలకు నీళ్లు, రాత్రి వీధిలైటు పాడైతే కరెంటు స్తంభం. నెలకు 8,500 అన్నది 2023లో 9,500 అయింది. డ్రైవరు పనికి డ్రైవరు జీతం, కరెంటు పనికి ఆ పని తెలిసినవాడి జీతం ఇవ్వాల్సి వస్తుందనే కదా, నాలుగింటినీ ఒక మూటగా కట్టి ఒకరి నెత్తిన పెట్టింది?

5. ఒకే సంచి, రెండు జీతాలు

సబ్‌సెంటర్‌లో నాతో పాటు రెండో ఏఎన్‌ఎంను కాంట్రాక్టు మీద వేశారు. అదే గది, అదే ఐస్ డబ్బా, అవే టీకాలు. నా జీతంలో ఆమెకు సగం కూడా రాదు. జీతం పడిన రోజు ఆమె ముందు పాస్‌బుక్కు తీయడానికి నాకు సిగ్గేసేది. ఆ సిగ్గును ఎవరికైనా చెప్పానా? లేదు. నేను పర్మినెంటు. నోరు మూసుకోవడంలో నాకు లాభముంది.

6. ఆలస్యమైన జీతం అప్పు, దాని మిత్తి పేదలదే

బడిలో మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు కేంద్రం 2009లో కట్టింది నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. తర్వాత రాష్ట్రం తన వంతు కలిపింది. అసలు బాధ ఆ వెయ్యితో తీరదు. కూరగాయలు, గుడ్లు, నూనె ముందు వాళ్లే కొని పెట్టాలి, బిల్లు తర్వాత పడుతుంది. "తర్వాత" అంటే ఎన్ని నెలలో ఎవరూ చెప్పరు.

వనపర్తి వైపు ఒక వంటామె గుడ్ల కోసం 20,000 తెచ్చింది, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 600 మిత్తికే పోతుంది. అడగడానికి పోతే ఆఫీసులో ఒక సారు "బడ్జెట్ రాలేదమ్మా, వస్తే పడ్తది" అన్నాడు. సర్కారు దగ్గర పైసలు లేకపోతే ఆమె పుస్తెలతాడు దగ్గర ఉన్నట్టు! పిల్లల పళ్లెంలో గుడ్డు పడాలని ఆమె తాకట్టు పెట్టింది. సర్కారుకు మిత్తి లేని అప్పిచ్చి, తను మాత్రం మిత్తి కట్టింది. ఆడపిల్లలకు చెప్తున్నాను: చేతి నుంచి పెట్టిన ప్రతి పైసా తారీఖుతో పుస్తకంలో రాసుకోండి. అడిగినప్పుడు నోటి లెక్క నిలవదు.

7. చప్పట్లను చాటలో పోసి చెరిగితే గింజ రాలదు

2020 మార్చి 22, సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఇంగ్లండులో నర్సుగా చేసే మా మేనకోడలు నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి, "అత్తా, ఇక్కడ కూడా కొడ్తున్నరు, గురువారం రాత్రి ఎనిమిదింటికి" అన్నది. అక్కడ పది వారాలు కొట్టారు.

2021 మేలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. అప్పటికి నేను రిటైరై గడపలోపల కూర్చున్న ముసలిదాన్ని. నా కింద పనిచేసిన ఆశే మందుల పొట్లంతో నా వాకిట్లోకి వచ్చింది. పక్క వీధిలో ఒకాయన కుక్కను వదిలాడట. "రోగం నువ్వే తెస్తున్నవు" అన్నాడట. ఏడాది కింద పళ్లెం మోగించిన ఇల్లే అది.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశలకు అవార్డిచ్చింది. ఆ డిసెంబరు 15న బ్రిటన్‌లో నర్సులు సమ్మె చేశారు. వాళ్ల సంఘం 106 ఏళ్ల చరిత్రలో అంత పెద్ద సమ్మె అదే మొదటిది. సిబ్బంది కోసమే కొన్ని ఆసుపత్రుల్లో ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకులు పెట్టారని మేనకోడలు చెప్తే మొదట నమ్మలేదు. పౌండ్ల జీతం వచ్చేవాళ్లకు కూడా ఇంటద్దె, కరెంటు బిల్లు కట్టాక బియ్యానికి వెతుకులాటేనట. ఆ నర్సుకూ మన ఆశకూ జీతాల్లో పోలిక లేదు. పొగిడి పంపేయడంలో మాత్రం రెండు సర్కార్లూ ఒకే బడిలో చదివాయి.

8. కాగితం పారేయకండి

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ చట్టం 1972 నాటిది. గుజరాత్‌లో కొందరు ఆడవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చిన మాట అది. తీర్పు మనదాకా రావాలంటే ఎప్పుడు చేరామో రుజువు కావాలి. ఆయమ్మ దగ్గర చేరిన నాటి ఆర్డరు లేదు, ఇల్లు కురిసి తడిసిపోయింది. ఆర్డరు, జీతం పడిన బ్యాంకు పేజీలు, హాజరు పట్టీ నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బా మీద పెట్టుకోండి. రోజూ కంటపడే చోట ఉండాలి.

9. వాళ్లు పని ఆపలేరని తెలిసే ఇవ్వరు

2019లో ఆర్టీసీ సమ్మె అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా 52 రోజులు సాగింది. బస్సు లేక తిట్టుకుంటూ ఆటో ఎక్కినవాళ్లలో నేనూ ఉన్నాను. 2023 జూలైలో పంచాయతీ కార్మికులు, సెప్టెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. "పిల్లల బువ్వ ఆపుతరా" అన్నవాళ్లను విన్నాను. ఆ బువ్వ వండినామె ఇంట్లో పొయ్యి సంగతి అడిగినవాళ్లను వినలేదు.

ఒకసారి ఆశల ధర్నాకు మజ్జిగ తీసుకుపోయాను. మధ్యలో ఒకామెకు ఫోనొచ్చింది, ఊళ్లో ఎవరికో నొప్పులు. చేతిలో జెండా పక్కామెకు ఇచ్చి, 102 బండికి ఫోను చేసుకుంటూ వెళ్లిపోయింది. "ధర్నాల ఉన్నవు కదా, ఎట్ల పోతవు?" అంటే, "ఆమె కడుపుల బిడ్డకు తెలుస్తదా అక్కా ధర్నా" అన్నది. నాకప్పుడు తెలిసింది. వీళ్ల పని విలువ తెలియక తక్కువ ఇస్తున్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను. విలువ అందరికీ తెలుసు. ఎంత తక్కువిచ్చినా ఆమె ఆ ఫోను ఎత్తుతుందని కూడా తెలుసు. ఆమె మంచితనమే వాళ్లకు బడ్జెట్.

10. జీతం ఇవ్వకముందు సేవ అనకండి

నా జీతానికి నేను చేసింది డ్యూటీ. జీతం లేని ఆమె చేసింది సేవ. ఈ తేడాను సూపర్‌వైజరుగా నా నోటితోనే పెంచాను. "సేవ చేస్తున్నరమ్మా, పుణ్యం" అని మీటింగుల్లో అంటే, బిల్లు గురించి నోరు తెరవబోయినామె మళ్లీ మూసుకునేది. ఆ మాట ఇప్పుడు మానేశాను. పని అంటాను. పని అంటే కూలి ఎంత అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

పోయిన వారం ఆయమ్మ ఇంటికి పోయాను. ఇంట్లో లేదు. పత్తి విత్తనం చేనులో క్రాసింగ్ పనికి పోయిందన్నారు. పొద్దుగూకే వేళకు గంప నెత్తిన పెట్టుకుని వస్తూ కనబడింది. "కూలి ఇయ్యాలదియ్యాలె చేతుల పెడ్తరు నర్సమ్మా" అన్నది, నేనేమీ అడగకముందే. గంప దించడానికి చేయి వేశాను. దాని కింద నెత్తి మీద చుట్టబట్టగా ఆ శాలువా ఉంది.