చుంబే దీవిలోని అతిథిగృహము

ఆఫ్రికాఖండమునకు తూర్పున, హిందూమహాసముద్రములో జాంజిబారు దీవులు కలవు. వానిలో చుంబే మిక్కిలి చిన్నది. దాని వైశాల్యము సుమారు 22 హెక్టారులు మాత్రమే. ఆ దీవి నానుకొని నీటి యడుగున రంగురంగుల పగడపు దిబ్బలు వ్యాపించియున్నవి. పగడపు దిబ్బ చూచుటకు శిలవలె తోచినను, అది అసంఖ్యాకములైన చిన్న ప్రాణులు నిర్మించుకొన్న ఇల్లు. దాని నాశ్రయించి 400లకు పైగా చేపల జాతులు జీవించుచున్నవి.

అందమైన చోటికి యాత్రికులు వత్తురు; వారికై హోటళ్లు వెలయును. కాని పెక్కుచోట్ల ఆ హోటళ్లే కూర్చున్న కొమ్మను నరుకుకొనుచున్నవి. వాని మురికినీరు సముద్రమున కలిసినచో, అందలి పోషకపదార్థములచే నాచు విపరీతముగా పెరిగి పగడములను కప్పివేయును. పగడములు చచ్చినచో చేపలకు నెలవు పోవును. చేపలు పోయినచో జాలరికి జీవనము పోవును.

చుంబేలో పద్ధతి వేరు. 1994వ సంవత్సరమున జాంజిబారు ప్రభుత్వము అచ్చటి పగడపు దిబ్బలను, అడవిని రక్షితప్రదేశములుగా ప్రకటించెను. వాని సంరక్షణకు ధనము కావలెను గదా! అందులకై ఏడు కుటీరములు గల చిన్న అతిథిగృహము వెలసినది.

ఆ దీవిలో మంచినీరు దొరకదు. కావున కుటీరముల కప్పులపై బడిన వాననీటిని వడగట్టి, క్రింది తొట్లలో నిలువచేయుదురు. మరుగుదొడ్లలో నీరు వాడరు. అందలి మలము ఎరువుగా మారును. స్నానము చేసిన నీరు మొక్కల మళ్లలోనికి పోవును. అందలి పోషకములను మొక్కలే పీల్చుకొనును గనుక అవి సముద్రమును చేరవు. దీపములకు సూర్యశక్తియే ఆధారము. రాత్రివేళ అతిథులు చేతిదీపములతో నడతురు. ఏలన, కొబ్బరిపీత మొదలగు జీవులు చీకటిలో సంచరించును.

దిబ్బలకు కావలివారు పూర్వము వలలు వేసిన జాలరులే. వేటస్థలమును వదలుకొనుట బీదవారికి కష్టమే. అందుచే వారు తోడిజాలరులను దండింపక, నచ్చజెప్పి పంపుదురు. దిబ్బలలో పెరిగిన చేపలు చుట్టుప్రక్కల నీటికి వ్యాపించి, తుదకు ఆ వలలలోనే పడునని వివరింతురు.

అతిథు లిచ్చిన సొమ్ముతో జాంజిబారు పాఠశాలల బాలబాలికలను ఉచితముగా దీవికి తీసికొనివత్తురు. సముద్రతీరమున పుట్టియు సముద్రగర్భము నెరుగని పిల్లలు అచ్చట మొదటిసారిగా పగడములను కన్నులార చూతురు. 2000వ సంవత్సరమున ఈ కృషికి ఐక్యరాజ్యసమితివారి 'గ్లోబల్ 500' పురస్కారము లభించినది.

సముద్రము వేడెక్కి పగడములు తెల్లబారుటను ఏ హోటలును ఆపజాలదు. అయినను, నీరు నిర్మలముగా నున్నచో అవి తేరుకొనుట కవకాశ మెక్కువ. ఆ పని హోటలు చేతిలోనిదే. యాత్రికుడు వచ్చునది పగడములను చూచుటకు. అవి నశించినచో హోటలునకు గోడలే మిగులును.