గాజు చెప్పిన సాక్ష్యం

పాఠ్యాంశ ఉద్దేశం: ప్రమాదం జరిగినప్పుడు గాయపడినవారిని నిందించే అలవాటును విడిచి, కారణాన్ని శాస్త్రీయంగా అన్వేషించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

మహాభారతంలోని మయసభా ఘట్టం మనందరికీ పరిచితమే. నీరు నేలగా, నేల నీరుగా భ్రమింపజేసిన ఆ సభలో దుర్యోధనుడు స్ఫటిక ద్వారాన్ని గుర్తించలేక, దారి ఉన్నదనుకొని ముందుకు నడిచాడు. నుదురు తగిలి నొచ్చింది. చూసినవారు నవ్వారు. ఆ పరాభవం ఎంతటి అనర్థానికి దారితీసిందో మనకు తెలుసు. అయితే అక్కడ తలుపు ఉన్నదని తెలిపే గుర్తు ఒక్కటైనా ఎందుకు లేదని ఆనాడు ఎవరూ అడగలేదు.

నేడు గాజు తలుపులు రాజభవనాలకే పరిమితం కావు. బ్యాంకులలో, ఆసుపత్రులలో, దుకాణాలలో, చివరకు ఇళ్లలోని స్నానాల గదులలో కూడా అవి వెలిశాయి. వాటివల్ల ఎవరైనా గాయపడితే, "చూసుకోవద్దా?" అని ముందుగా వారినే మందలిస్తాం. ఆ వెంటనే ముక్కలను ఊడ్చి పారేస్తాం. మొదటిది అన్యాయం. రెండవది సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకోవడం.

కొన్నేళ్ల క్రితం మా బంధువుల ఇంట్లో స్నానాల గది గాజు తలుపు పగిలి, పదిహేనేళ్ల అమ్మాయి కుడిచేతికి లోతైన గాయమైంది. తలుపు బలంగా వేయడంవల్లే పగిలిందని ఇల్లు కట్టించి అమ్మినవారు తేల్చిచెప్పారు. ఆ అమ్మాయి కూడా తప్పు తనదేనని నమ్మింది. తల్లి మాత్రం నాలుగైదు ముక్కలను వార్తాపత్రికలో చుట్టి దాచింది. ఆ ముక్కలు ఏం చెప్పాయో తెలుసుకోవాలంటే, ముందు గాజు స్వభావం తెలియాలి.

సాధారణమైన గాజు పగిలితే కత్తుల వంటి పొడవైన పెచ్చులు ఏర్పడతాయి. అవి రక్తనాళాలను, నరాలను తెగగోస్తాయి. అదే గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేసి, చల్లని గాలిని వేగంగా ఊది చల్లార్చితే అది టఫెన్డ్ గాజు అవుతుంది. ముందుగా పైపొర గట్టిపడుతుంది. తరువాత లోపలి భాగం చల్లారుతూ కుంచించుకుపోవడంవల్ల పైపొర ఒత్తిడికి, లోపలి భాగం లాగుడుకు లోనై ఉంటాయి. ఈ బిగువే దానికి సాధారణమైన గాజుకంటె దాదాపు నాలుగు రెట్ల బలాన్నిస్తుంది. పగిలినప్పుడు ఆ బిగువంతా ఒక్కసారిగా విడిపోయి, పలక మొత్తం చిన్నచిన్న ముక్కలుగా రాలిపోతుంది. వాటివల్లా గాయాలు కావచ్చు. కాని పొడవైన పెచ్చులు చేసేంతటి ప్రాణాపాయం అరుదు. ఇక రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉంచి అతికించినది లామినేటెడ్ గాజు. అది పగిలినా ముక్కలు ఆ పొరను అంటిపెట్టుకొని ఉంటాయి. కాబట్టి ముక్కల ఆకారాన్ని చూస్తేనే ఆ గాజు ఏ రకానిదో చాలావరకు తెలుస్తుంది.

తరువాతి ప్రశ్న, పగులు ఎక్కడ మొదలైందన్నది. టఫెన్డ్ గాజులో పగుళ్లు మొదలైన చోటినుంచి కిరణాల వలె వ్యాపిస్తాయి. ఆ చోటు అంచులో ఉంటే, మరను అతిగా బిగించారా, లోహం గాజుకు నేరుగా తాకుతున్నదా అని పరీక్షించాలి. కొన్ని వేళల ఎవరూ తాకకుండానే గాజు పగులుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో 1958లో పూర్తయిన ఐ.సి.ఐ. హౌస్ అనే భవనంలో టఫెన్డ్ గాజు పలకలు ఇలాగే పగిలాయి. బాలంటైన్ అనే పరిశోధకుడు 1961లో దీనికి కారణాన్ని వెల్లడించాడు. గాజు తయారీలో చేరిన నికెల్ సల్ఫైడ్ రేణువు, వేగంగా చల్లార్చినందువల్ల అధిక ఉష్ణోగ్రతనాటి రూపంలోనే చిక్కుకుపోతుంది. నెలలో, సంవత్సరాలో గడిచాక అది తన సహజరూపానికి మారుతూ కొద్దిగా ఉబ్బుతుంది. ఆవగింజకంటె చిన్నదైన ఆ రేణువు అంత పెద్ద పలకనూ పగలగొడుతుంది. అది ఉన్నచోట రెండు ముక్కలు సీతాకోకచిలుక రెక్కల వలె పక్కపక్కన కనిపిస్తాయి. అందుకే తయారీదారులు కొన్ని పలకలను మళ్లీ కొలిమిలో కొన్ని గంటలు వేడిలో ఉంచుతారు. లోపమున్నవాటిలో అధికభాగం అక్కడే పగిలిపోతాయి.

మూడవది, పలక మూలలో ఉండే ముద్ర. అమెరికాలో 1977లో అమలులోకి వచ్చిన ప్రమాణం, గాజు తలుపులకూ స్నానాల గది గాజు గోడలకూ భద్రతా గాజునే వాడాలని నిర్దేశించింది. దాదాపు 45 కిలోల బరువున్న సీసపు గుళ్ల సంచిని ఊపి పలకకు కొట్టి పరీక్షించే పద్ధతినీ నిర్ణయించింది. మన దేశంలో భద్రతా గాజుకు ఐ.ఎస్. 2553 అనే ప్రమాణం ఉన్నది. ముద్ర లేకపోతే, గాజును ఎంపిక చేసినవారిని ప్రశ్నించవలసి ఉంటుంది.

ప్రమాదవేళ మొదటి కర్తవ్యం ప్రాణరక్షణ. లోతుగా దిగిన గాజు ముక్కను లాగకూడదు. దాని చుట్టూ అదిమి రక్తస్రావాన్ని ఆపుతూ ఆసుపత్రికి చేర్చాలి. ఆ తరువాత, ఊడ్చకముందే ఫోటోలు తీయాలి. ముద్ర ఉన్న ముక్కను, కీళ్లను, మరలను భద్రపరచాలి.

మా బంధువుల ఇంట్లో దాచిన ముక్కలు జానెడు పొడవున్న పెచ్చులు. ఒప్పందంలో రాసినది టఫెన్డ్ గాజు. బిగించినది సాధారణమైన గాజు. నిజం బయటపడడంతో ఆ భవనంలోని మిగిలిన తలుపులన్నింటినీ మార్చక తప్పలేదు. ఆ అమ్మాయి రెండు వేళ్లు నేటికీ పూర్తిగా ముడుచుకోవు. కాని తప్పు తనది కాదని తెలిసిన రోజున ఆమె ముఖంలో కనిపించిన తేట నేను మరవలేనిది. కారణాన్వేషణ ఒకరిని శిక్షించడానికి మాత్రమే కాదు. నిర్దోషి మనసును నిందనుంచి విడిపించడానికి, మరొకరికి ఆ గాయం కాకుండా కాపాడడానికి కూడా.

ప్రశ్నలు
1. రచయిత మయసభా ఘట్టంతో పాఠాన్ని ఎందుకు ప్రారంభించారు?
2. సాధారణమైన గాజుకు, టఫెన్డ్ గాజుకు గల భేదాన్ని వివరించండి.
3. ఎవరూ తాకకుండానే గాజు పగలడానికి కారణమేమిటి?
4. "కారణాన్వేషణ ఒకరిని శిక్షించడానికి మాత్రమే కాదు" - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.