క్యాను వాషరు కింద వేలు పెట్టి చూడండి

పగలు నలభై డిగ్రీల ఎండ, సాయంత్రం గాలివాన, రాత్రికి ఉక్క. పాలలో క్రిములకు ఇంతకన్నా పండుగ ఉండదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం పక్క పల్లెల నుంచి ఈ నెల వచ్చిన ఫోన్లలో సగం ఒకటే మాట: "వెన్న బాగానే వచ్చింది సార్, పాల కేంద్రంలో కాచి చూస్తే పాలు విరిగిపోయినాయంట. ఎనుముకు ఏం మందు వేయాల?"

ఎనుముకు ఏమీ వేయొద్దు. ముందు క్యాను మూత తీసి, వాషరు కింద వేలితో రుద్దండి. జిడ్డు తగిలితే రోగం అక్కడే ఉంది. మన బోర్ల ఉప్పునీళ్లతో కడిగీ కడిగీ క్యాను లోపల గోరుకు తగిలే తెల్లపొర కడుతుంది. నిన్నటి పాలు, మొన్నటి పాలు అందులోనే ఉంటాయి. క్రిములు ఈ వేడికి 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. మిల్లీలీటరుకు 1,000 ఉన్నవి నాలుగు గంటల్లో 40 లక్షలు! 2 లక్షల లోపుంటే చాలా మంచి పాలని, 50 లక్షలు దాటితే నాసిరకమని మన దేశ ప్రమాణం. కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరిచే యంత్రం క్రిములను నిద్రపుచ్చుతుందే గానీ చంపదు. మాపటి పాలు పొద్దుటి పాలలో కలిపి తెచ్చే ఒక్కరి వల్ల ఊరందరి పాలూ చెడతాయి.

క్యానుకు ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే చాకలి సోడా వేసిన వేడినీళ్లు. మొదటే వేడినీళ్లు పోస్తే పాలు ఉడికి గోడకు అంటుకుంటాయి. కడిగి ఎండలో బోర్లించండి, ఎండకు మనకేం కరువు! పాలు పోసిన క్యానుకు తడి గోనెపట్ట చుట్టి వేపచెట్టు నీడన పెడితే పొడిగాలికి చల్లబడుతుంది. వాన పడిన రోజు ఈ ఉపాయం పారదు, ఆ రోజు త్వరగా కేంద్రానికి పోండి.

తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. తునకలు కనిపిస్తే పొదుగువాపు. ఆ పాలు కలపకండి, ఆ పశువును చివర పితకండి. పితికాక మేత వేసి అరగంట నిలబెట్టండి, చన్నురంధ్రం మూసుకునేలోపు బురదలో పడుకోనీయకండి.

ఇక దుకాణాల సంగతి. పాలు పెంచే టానిక్కు, కొట్టమంతా చల్లే మందు, పాలు విరగకుండా వేసే సోడా పొడి, మూడూ ఒకే సంచిలో పెట్టి అంటగడుతున్నారు. పేడ ఎత్తకుండా మందు చల్లితే తడిసేది పేడే. ఎన్నిసార్లు రాయాలి? సోడా పొడి పులుపును దాస్తుంది, క్రిమిని తగ్గించదు, పైగా కల్తీ నేరం. పొదుగులోకి ఎక్కించే ట్యూబులు డాక్టరు రాయందే కొనొద్దు. వాడితే దాని మీద రాసినన్ని రోజులు పాలు పోయొద్దు.

చవకని బూజు పట్టిన వేరుశనగ చెక్క పెట్టకండి. అందులోని అఫ్లటాక్సిన్ పాలలోకి దిగుతుంది, కాచినా పోదు.

ఇక పాలు కాక మరో మూడు మాటలు.

వేరుశనగ: తొలి చినుకులకు తొందరపడి విత్తకండి.

ఎర్ర గొంగళి పురుగు: మొదటి గట్టి వాన పడ్డ రాత్రుల్లో గట్ల మీద మంటలు వేసి రెక్కల పురుగులను పట్టండి. పిచికారీ అప్పుడే వద్దు.

గొర్రెలు: చిటుక రోగం టీకా వానలకు ముందే.