మధ్యవర్తి ఎవరి మనిషి?

చిట్టమూరులో ఒకామె ఇల్లు కొనాలనుకుంది. మధ్యవర్తి బేరం కుదిర్చాడు. "రేపే అడ్వాన్సు ఇచ్చేయమ్మా" అన్నాడు.

మధ్యవర్తి చాలాచోట్ల ఇద్దరి దగ్గరా కమీషను తీసుకుంటాడు. బేరం కుదిరితేనే అతనికి డబ్బు. అది తప్పేం కాదు. కానీ అతను మన ఒక్కరి మనిషి కాదు.

అందుకని ఆమె ఒక లాయరును పెట్టుకుంది. ఆ ఫీజు ఇచ్చేది ఆమె ఒక్కతే. కాబట్టి లాయరు ఆమె తరపునే చూస్తాడు. ఆయన సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ తెప్పించాడు. ఇంటిమీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు ఈసీలో ఉంటాయి. కొందరు రిజిస్టరు లేకుండా దస్తావేజు తాకట్టు పెట్టి అప్పు తెస్తారు. అది ఈసీలో కనపడదు. అందుకే అసలు దస్తావేజు చూడాలి. జిరాక్సు చాలదు.

ఆమె ఈసీని కూడబలుక్కుని చదివింది. "తనఖా" అన్న మాట దగ్గర వేలు ఆగింది. అప్పు తీర్చి, తనఖా రద్దు రిజిస్టరు చేయించాకే అడ్వాన్సు ఇస్తానని చెప్పింది.