సెల్‌ఫోన్ యాప్ తయారుచేస్తే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

నేడు సెల్‌ఫోన్ లేని ఇల్లు లేదు. కళింగపట్నం ఒడ్డున వలలు బాగుచేసుకునే మత్స్యకారుడి దగ్గర నుంచి పలాస జీడిపప్పు వ్యాపారి వరకు అందరి చేతిలోనూ అదే. ఆ ఫోనులో మనం నొక్కే ప్రతి బొమ్మ వెనుక ఒక ప్రోగ్రాం ఉంటుంది. దానినే యాప్ అంటున్నాం. ఇవన్నీ పెద్ద పెద్ద కంపెనీలే చేస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ ఒక కంప్యూటరు, నేర్చుకునే ఓపిక ఉంటే ఒక్క మనిషి కూడా యాప్ చేయగలడు.

సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, యాప్ ఊరికే ఇస్తున్నారు కదా, మరి వాళ్లకి డబ్బులెలా వస్తాయి? మనం చేస్తే మనకీ వస్తాయా?" మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఏం చదివినా "దీనివల్ల ఎంతొస్తుంది, ఎప్పుడొస్తుంది?" అని అడిగే ఇంటి నుంచే నేనూ వచ్చాను. కనుక ఆ ప్రశ్నలో తప్పు లేదు. దానికి లేనిపోని ఆశలు పెట్టకుండా, లెక్కలతో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ముందు మన జేబులోంచి పోయేది

ఆండ్రాయిడ్ యాప్ చేయడానికి కావలసిన ఆండ్రాయిడ్ స్టూడియో, ఫ్లట్టర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. కోడ్ రాయడం ఇంకా రానివారికి ఎం.ఐ.టి. యాప్ ఇన్వెంటర్ ఉంది. అందులో ముక్కలు పేర్చినట్టు పేర్చి యాప్ చేయవచ్చు. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది కనుక కాలేజీ ల్యాబ్ చాలు.

యాప్‌ను గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. అంటే రెండు వేల రూపాయలకు పైనే. ఐఫోన్ వాళ్ల యాప్ స్టోర్‌కైతే ఏటా 99 డాలర్లు. మొదలుపెట్టేవారికి ఆండ్రాయిడే మేలు. మన జిల్లాలో ఎక్కువమంది వాడేవీ ఆ ఫోన్లే. ఖాతా తెరవడానికి 18 ఏళ్లు నిండాలి. ఇంటర్ తమ్ముళ్లు ఈలోగా పని నేర్చుకోవాలి.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ మరొక నిబంధన పెట్టింది. యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు 20 మంది చేత వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. పట్నంలో ఒంటరిగా గది తీసుకుని ఉండేవాడికి 12 మందిని పోగుచేయడం కష్టమేమో గాని, హాస్టల్ పిల్లలకు అదొక కష్టమా!

2. అంగడి వాడి వాటా

యాపిల్ యాప్ స్టోర్ 2008 జూలైలో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆండ్రాయిడ్ మార్కెట్ వచ్చింది. 2012లో దాని పేరు గూగుల్ ప్లే అయింది. సంతలో దుకాణం పెడితే ఆశీలు కట్టినట్టే, ఈ అంగళ్లలో అమ్మినా వాటా ఇవ్వాలి. మొదట్లో అది నూటికి 30. చిన్నవారికి యాపిల్ 2021 జనవరి నుంచి, గూగుల్ 2021 జూలై నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం మీద 15 శాతానికి తగ్గించాయి. ఈ రేట్లు తరచూ మారుతుంటాయి. మీరు మొదలుపెట్టే రోజున ఎంత ఉందో చూసుకోవాలి.

ఈ వాటాల మీద మన దేశంలోనూ వివాదం నడిచింది. ప్లే స్టోర్ బిల్లింగ్ పద్ధతుల విషయంలో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దానిని దాదాపు 216 కోట్లకు తగ్గించింది. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే సంస్థ ఇండస్ యాప్ స్టోర్ అనే మరో అంగడి తెరిచింది. అది తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో పనిచేస్తుంది.

ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. యాప్ లోపల వాడే వస్తువులు, అంటే పాఠాలు, ఆటలో మెట్లు వంటివి అమ్మితేనే ఈ వాటా. జీడిపప్పు, పొందూరు ఖద్దరు వంటి చేతికి అందే సరుకు యాప్ ద్వారా అమ్మితే గూగుల్ వాటా లేదు. కొన్నవారు యు.పి.ఐ. ద్వారా నేరుగా కట్టవచ్చు.

3. డబ్బు వచ్చే నాలుగు దారులు

అ) ప్రకటనలు: యాప్ ఉచితం, ప్రకటన ఇచ్చినవాడు డబ్బు కడతాడు. గూగుల్ వారి యాడ్‌మాబ్ వంటి సంస్థలు మధ్యలో ఉంటాయి. అడుగున చిన్న పట్టీలా వచ్చేది బ్యానర్. తెరంతా నిండేది మరొకటి. పూర్తిగా చూస్తే ఆటలో ఒక ప్రాణమో నాణేలో ఇచ్చేది మూడోది. వెయ్యిసార్లు చూపితే ఎంత వస్తుందన్నదే ఇక్కడ కొలత.

ఒక లెక్క వేద్దాం. రోజూ 500 మంది మీ యాప్ తెరిచి, తలా 4 ప్రకటనలు చూశారనుకుందాం. మొత్తం 2,000. వెయ్యికి 20 రూపాయలు వస్తాయనుకుంటే రోజుకు 40, నెలకు 1,200 రూపాయలు. కానీ యాడ్‌మాబ్‌లో 100 డాలర్లు నిండితేనే బ్యాంకుకు పంపుతారు. అది ఎనిమిది వేల రూపాయలకు పైన. అంటే మొదటి డబ్బు చూడడానికి ఏడెనిమిది నెలలు. ఇందులో ఇంకొక మెలిక ఉంది. ఖాతాలో 10 డాలర్లు దాటగానే చిరునామా సరిచూడడానికి ఒక పిన్ నంబరును పోస్టులో పంపుతారు. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ పోస్ట్‌మ్యాన్‌కు తెలిసేలా రాయండి. హాస్టల్ చిరునామా ఇస్తే మీరు వెళ్లిపోయాక ఉత్తరం వస్తుంది. ఇంటి చిరునామాయే ఇవ్వండి.

ఆ) అమ్మకం: యాప్‌కు ధర పెట్టి అమ్మడం ఒకటి, ఉచితంగా ఇచ్చి లోపల అదనపు పాఠాలు అమ్మడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ నడుస్తుంది. రుచి చూశాక కదా కొంటారు! 99 రూపాయలకు అమ్మితే 15 శాతం పోగా మనకు 84 రూపాయల 15 పైసలు. పన్నులు వేరే. ఆ 500 మందిలో నూటికి ఇద్దరు కొన్నారనుకుంటే పదిమంది. వచ్చేది 841 రూపాయల 50 పైసలు, అదీ ఒక్కసారే.

ఇ) చందా: పత్రికకు కట్టినట్టు నెలనెలా కట్టించుకోవడం. 2022 నవంబరు నుంచి ప్లే స్టోర్ చందాలకు యు.పి.ఐ. ఆటోపే వచ్చింది. క్రెడిట్ కార్డు లేనివారు కూడా కట్టవచ్చు. అయితే నెలనెలా కొత్త సరుకు ఇవ్వగలిగినవారికే ఇది పనికొస్తుంది.

ఈ) ఎవరికో ఒకరికి చేసిపెట్టడం: ఐస్ ఫ్యాక్టరీకి, జీడిపప్పు బట్టీకి, ట్యూషన్ సెంటరుకు కావలసిన లెక్కల యాప్ చేసి, చేసినందుకు కూలి, తర్వాత ఏటా మరమ్మతు ఖర్చు తీసుకోవడం. 15 వేలకు ఒక పని ఒప్పుకున్నారనుకోండి. పైన చెప్పిన ప్రకటనల లెక్కలో ఏడాది పొడవునా వచ్చేది 14,400. ఒక్క యజమాని అయిదు వందలమంది వాడకందార్లతో సమానం అన్నమాట. పెట్టుబడి లేనివారు ముందు చూడవలసిన దారి ఇదేనని నా అభిప్రాయం.

4. అవసరం వేరు, కొనగలగడం వేరు

మన తీరానికి సంబంధించిన ఉదాహరణ తీసుకుందాం. మత్స్యకారుడికి చేపలు ఎక్కడున్నాయో, అల ఎంత ఎత్తుందో తెలియడం ప్రాణావసరం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. మరి ఆ సమాచారం ఇచ్చే యాప్‌కు నెలకు 50 రూపాయల చందా పెడితే? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు యాప్ తెరిచే పనే ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు. చందా అక్కడే తెగిపోతుంది.

అందుకే ఈ పని వేరే దారిలో జరిగింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు ఉష్ణోగ్రత, నీటి రంగు చూసి చేపలుండే చోట్లు చెబుతుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, క్వాల్‌కామ్ కంపెనీ తోడ్పాటుతో ఫిషర్ ఫ్రెండ్ అనే యాప్ చేసి, ఆ సమాచారాన్ని తెలుగులో కూడా ఉచితంగా ఇచ్చింది. వాడేది ఒకరు, ఖర్చు భరించేది మరొకరు. పేదవారికి పనికొచ్చే యాప్ చేయాలనుకుంటే సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఇచ్చే నిధులు వెతకడం కూడా ఒక దారే.

ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో నిలబడి రైలు ఎక్కడుందో చూసే 'వేర్ ఈజ్ మై ట్రైన్' అందరికీ తెలుసు. దానిని బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న బృందం చేసింది. ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్లను బట్టి రైలు ఎక్కడుందో చెప్పేలా తయారుచేసింది. 2018 డిసెంబరులో ఆ సంస్థనే గూగుల్ కొనేసింది. రాజస్థాన్‌లోని అల్వర్‌కు చెందిన ఉపాధ్యాయుడు ఇమ్రాన్ ఖాన్ 50కి పైగా చదువు యాప్‌లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2015లో ప్రధాని లండన్ వెంబ్లీ సభలో ఆయన పేరు చెప్పారు. వియత్నాం యువకుడు డాంగ్ న్యూయెన్ ఒంటరిగా చేసిన ఫ్లాపీ బర్డ్ ఆట 2014లో రోజుకు 50 వేల డాలర్లు తెచ్చిందని వార్తలు వచ్చాయి. అది లాటరీ వంటిది. లాటరీని నమ్మి ఎవరూ ఇల్లు కట్టరు.

5. చేయకూడనివి

స్నేహితుడి యాప్ కదా అని హాస్టలంతా కలిసి ప్రకటనల మీద నొక్కడం మేలు కాదు, కీడు. ఒకే చోటు నుంచి పదేపదే నొక్కితే గూగుల్ గుర్తుపడుతుంది. వచ్చిన డబ్బు ఆపి ఖాతా మూసేస్తుంది. 12 మంది పరీక్ష చేయడం సాయం, వందమంది ప్రకటనలు నొక్కడం మోసం. ఈ తేడా తెలుసుకోవాలి.

అలాగే "రోజూ ప్రకటనలు చూడండి, వేలు సంపాదించండి, ముందు ఇంత కట్టండి" అనేవారికి పైసా ఇవ్వకండి. పైన వేసిన లెక్క చూస్తే చాలు, ఒక మనిషి ప్రకటనలు చూస్తే వచ్చేది పైసల్లోనే.

అప్పుల యాప్‌లు, పందెం ఆటలు చేసిపెట్టమని ఎవరైనా ఎక్కువ డబ్బు ఆశ చూపినా ఒప్పుకోవద్దు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలుగువారి ఇళ్లలోనే ప్రాణాలు పోయాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. వాడేవారి ఫోన్ నంబర్లు, ఫొటోలు అవసరం లేకుండా అడగకూడదు. మన అమ్మానాన్నలు కూడా ఆ ఫోనులే వాడుతున్నారు.

6. ముగింపు

కాబట్టి తమ్ముళ్లారా! "ఏ యాప్ చేయాలి?" అని అడిగేముందు "డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?" అని అడగండి. వాడేవాడా, ప్రకటన ఇచ్చేవాడా, వ్యాపారా, సంస్థా? దానికి జవాబు కాగితం మీద రాశాకే కంప్యూటరు ముందు కూర్చోండి. మొదటి ఏడాది దీనిని జీతంగా కాక చదువుగా లెక్కపెట్టండి. ఇంటికి పంపవలసిన డబ్బును, పరీక్ష ఫీజును దీనిమీద ఆధారపెట్టకండి. డబ్బు రాకపోయినా, మీ చేత్తో చేసిన యాప్ ఒకటి ఫోనులో ఉంటే ఇంటర్వ్యూలో తీసి చూపించవచ్చు. సిఫారసు చేసేవారు లేని మనకు అదే సిఫారసు.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అన్నయ్యలకు ఒక మనవి. పాత ల్యాప్‌టాప్ ఒకటి హాస్టల్‌కు ఇవ్వండి. మీకు తెలిసిన దుకాణదారుకు లెక్కల యాప్ కావలసి వస్తే ఆ పని మన తమ్ముళ్లకు ఇప్పించండి. విత్తనం ఉన్నవాడికి కావలసింది చారెడు నేలే కదా!