ప్రతి కీలుకూ ఒక సదఖా

సూర్యుడు ఉదయించే ప్రతి రోజూ మనిషి తన ఒక్కొక్క కీలుకూ ఒక సదఖా చెల్లించవలసి ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఇద్దరి మధ్య న్యాయం చేయడం, ఒకరి సామాను వాహనం మీదికి ఎత్తిపెట్టడం, మంచి మాట పలకడం, నమాజు కోసం వేసే ప్రతి అడుగు, ఇవన్నీ సదఖాలే. మనిషి దేహంలో 360 కీళ్లున్నాయన్న మాట హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఉల్లేఖనంలో వస్తుంది. కీళ్లు సవ్యంగా పనిచేస్తున్నన్నాళ్లూ అదెంత గొప్ప అనుగ్రహమో మనకు తట్టదు. హమాలీకి నడుము పట్టేసినా, దర్జీకి వేళ్లు తిమ్మిరెక్కినా ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమవుతుంది. అందుకే ఈ నొప్పుల గురించి, వాటి విషయంలో దాతలు చేయగలిగిన మేలు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

నొప్పి ఎక్కడిది?

కీలు నొప్పి ఆ కీలును కదిలించినప్పుడు ఎక్కువవుతుంది. వాపు, బిగుతు తోడవుతాయి. కండరం నొప్పి మొద్దుగా ఉంటుంది. నొక్కితే నొస్తుంది, శ్రమతో పెరుగుతుంది. నరం నొప్పి అలా ఒకచోట ఉండదు, పాకుతుంది. మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, తిమ్మిరి, స్పర్శ తగ్గడం దాని గుర్తులు. అది పుట్టేది ఒకచోట, తెలిసేది మరోచోట.

తరచుగా కనిపించే బాధలు

నడుం నొప్పి: 2020లో ప్రపంచమంతటా 61.9 కోట్ల మంది దీనితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రోజుల తరబడి మంచానికే పరిమితమైతే మేలుకన్నా కీడే ఎక్కువ. బరువులు మానుకుని, మెల్లగా నడుస్తూ ఉండాలి. ప్రమాద సూచనలేవీ లేకపోతే మొదటి రోజే స్కానింగ్ అవసరం లేదు.

సయాటికా: నడుము కింది భాగంలో వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తితే, పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా నొప్పి లాగుతుంది. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

మోకాళ్ల నొప్పి: గుజ్జు అరిగిపోయిందని మనం అనుకునేది ఇదే. పొద్దున లేవగానే ఉండే బిగుతు అరగంటలోపు సడలితే సాధారణంగా అది అరుగుదల. గంటకు పైగా ఉండి, చేతివేళ్ల కణుపులు కూడా వాస్తే కీళ్లవాతం కావచ్చు; వెంటనే రక్తపరీక్షలు చేయించాలి. అరుగుదలకు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం మంచి మందు. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చేయి, భుజం, పాదం: బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టు. కుట్టుపని, మగ్గం పని చేసేవారు దీన్ని అశ్రద్ధ చేయరాదు. రాత్రిపూట మణికట్టుకు పట్టీ కడితే మొదట్లోనే ఉపశమనం దొరుకుతుంది. షుగర్ ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. రెండు పాదాల్లోనూ వేళ్ల దగ్గర మొదలై పైకి పాకే తిమ్మిరి కూడా షుగర్ వల్ల కావచ్చు. అలాంటివారు రోజూ పాదాలు చూసుకోవాలి, చెప్పుల్లేకుండా నడవకూడదు.

నిలబడి నమాజు చేయలేనివారు కూర్చుని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయవచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజియల్లాహు అన్హు)కు దైవప్రవక్త అనుమతినిచ్చారు. మోకాళ్లు సహకరించని పెద్దలు కుర్చీలో కూర్చోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

చేత్తో సరిచేసే వైద్యం

కైరోప్రాక్టిక్ వైద్యాన్ని 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టాడు. మనకు తెలిసిన పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు కట్టేది. కైరోప్రాక్టిక్‌లో వెన్నుపూసలను, కీళ్లను చేత్తో నొక్కి కదిలిస్తారు. నడుం నొప్పికి దీనితో కొంత ఉపశమనం కలగవచ్చు. కానీ అరిగిన గుజ్జు తిరిగి రాదు, షుగర్ వల్ల దెబ్బతిన్న నరం బాగుపడదు. మెడను ఒక్క కుదుపుతో తిప్పితే, అరుదుగానైనా, మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. ఎముకలు గుల్లబారినవారికి, వెన్నులో క్షయ లేదా క్యాన్సర్ ఉన్నవారికి ఈ పద్ధతి తగదు. కాబట్టి ముందు డాక్టరు పరీక్ష, ఆ తరువాతే అర్హత ఉన్న నిపుణుడి చేయి.

ఆలస్యం చేయరానివి

మూత్రం, మలం మీద అదుపు తప్పడం. మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం. కాలు రోజురోజుకూ బలహీనపడటం: ఇవి కనిపిస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గిపోవడం ఉంటే వెన్నుపూస క్షయ ఉందేమో చూడాలి. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

దాతలతో ఒక మాట

ఆపరేషన్లకు, మందులకు మన సమాజం ధారాళంగా ఇస్తుంది. అల్హమ్దులిల్లాహ్. అయితే ఈ నొప్పుల్లో పేదవాడికి ఎక్కువసార్లు కావలసింది ఖరీదైన మందు కాదు, కొంత వ్యవధి. మూడు వారాలు బరువులెత్తవద్దని డాక్టరు చెబుతాడు. రోజుకూలీకి మూడు వారాలంటే బియ్యం, అద్దె, పిల్లల ఫీజు. అందుకే అతను నొప్పి తెలియకుండా సూది వేయించుకుని మర్నాడే మూట ఎత్తుతాడు. నెలల తరబడి నొప్పి బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. చివరికి అప్పు చేసి పెద్దాసుపత్రికి వెళతాడు.

కాబట్టి ఆ మూడు వారాల రేషన్ కూడా వైద్యమేనని మేము భావిస్తున్నాం. ఫిజియోథెరపీకి వెళ్లిరావడానికి ఆటో ఖర్చు, ఒక వాకర్, దర్జీకి సరైన ఎత్తున్న కుర్చీ, ఇవన్నీ కూడా అంతే. జకాత్‌కు అర్హులైన కుటుంబాలను మొదటి వారంలోనే ఆదుకుంటే తక్కువ సొమ్ముతో ఒక మనిషి తిరిగి పనిలోకి వస్తాడు. చేయి చాచవలసిన అగత్యం అతనికి రాదు.

మన కీళ్లు కదులుతున్నందుకు చెల్లించవలసిన సదఖాను కీళ్లు కదలనివారి కోసం వెచ్చించడం ఎంత సముచితం! అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక, దాతల దానాలను స్వీకరించుగాక. ఆమీన్.