చిన్న గాజు తొట్టెలో సముద్ర జీవులు

సముద్రంలో బతికే వెన్నెముక లేని జీవులను, అంటే అకశేరుకాలను, మనం ఎక్కువగా పుస్తకాల్లో బొమ్మలుగానే చూస్తాం. ప్రయోగశాలలో ఉన్నవేమో ఫార్మలిన్ సీసాల్లో రంగు వెలిసి ఉంటాయి. సన్యాసి పీత తన గుల్లను ఈడ్చుకుంటూ నడవడం, నత్త గాజుకు అంటిన పాచిని గీకి తినడం చూడాలంటే వాటిని బతికించుకోవాలి. నలభై లీటర్ల తొట్టె, ఒక ఎయిర్ పంపు, కొంచెం ఓపిక ఉంటే ఇది మన హాస్టళ్ళలో కూడా చేయదగిన పనే. ఈ మూడింటిలో కొనలేనిది ఓపిక.

ఈ పని మొదట చేసినవారిలో ఒకరు జాన్ విల్‌ప్రె పవర్ అనే ఫ్రెంచి మహిళ. పారిస్‌లో దుస్తులు కుట్టి బతికిన ఆమె, పెళ్ళయ్యాక సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో స్థిరపడి, ప్రకృతి శాస్త్రాన్ని సొంతంగా నేర్చుకుంది. 1832లో గాజు తొట్టెలు చేయించి, ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవిని పెంచింది. అది సన్యాసి పీతలాగా మరో జీవి గుల్లలో దూరుతుందా, తన గుల్లను తానే కట్టుకుంటుందా అన్నది అప్పట్లో తేలని వివాదం. తానే కట్టుకుంటుందని ఆమె కళ్ళారా చూసి నిరూపించింది. ఆ రోజుల్లో అమ్మోనియా కిట్లు లేవు, కరెంటు పంపులూ లేవు.

ఇక మన తొట్టె సంగతి. కొత్తవాళ్ళు సాధారణంగా నీళ్ళు పోసిన రోజే జీవులను వేస్తారు. వారం పది రోజుల్లో ఒక్కొక్కటే చనిపోతాయి. నీళ్ళు మాత్రం తేటగానే ఉంటాయి కాబట్టి కారణం అంతు చిక్కదు. కారణం కంటికి కనిపించని అమ్మోనియా. జీవుల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అది పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది చాలావరకు నయం. ఇంటర్ వృక్షశాస్త్రంలో మనం చదివే నత్రజని వలయమే ఇది. పొలంలో జరిగేదే తొట్టెలోనూ జరుగుతుంది. అయితే కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా చాలినంత ఉండదు. అది ఇసుక మీద, గుల్లల మీద పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగిన కొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. మంచినీటి తొట్టెలో గోల్డ్ ఫిష్ తట్టుకున్న పొరపాటును ఇక్కడ రొయ్య తట్టుకోలేదు.

అందుకని మొదటి నెల తొట్టెలో జీవులేవీ ఉండకూడదు. అడుగున కడిగిన ముతక ఇసుక, పగిలిన ఆల్చిప్పలు పరిచి, నీళ్ళు పోసి, పంపు నడపండి. చిన్న పచ్చి రొయ్య ముక్క ఒకటి వేసి కుళ్ళనివ్వండి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నా చూపినప్పుడు తొట్టె సిద్ధమైనట్లు. పరీక్ష కిట్ల కోసం పెద్ద ఊళ్ళ అక్వేరియం దుకాణాలకే వెళ్ళనక్కరలేదు. భీమవరం, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల రైతులకు సరుకు అమ్మే షాపుల్లో ఇవి దొరుకుతాయి. ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు కూడా అక్కడే ఉంటుంది. తెలిసిన రైతు ఉంటే ఒకసారి చూపించుకుంటే చాలు.

ఉప్పు విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. వంట ఉప్పు నీళ్ళలో కలిపితే సముద్రపు నీరు కాదు. నౌపడ, చినగంజాం మళ్ళలో పండిన రాళ్ళ ఉప్పు కూడా సరిపోదు. ఉప్పు గడ్డకట్టాక మిగిలే చేదు నీటిని రైతులు తీసేస్తారు, మెగ్నీషియం వంటివి చాలావరకు దానితోనే పోతాయి. తీరం దగ్గరి హాస్టళ్ళవాళ్ళు నది ముఖద్వారాలకు, హార్బరుకు, మురుగు కాలువలకు దూరంగా నీళ్ళు తెచ్చుకోవచ్చు. వానలు పడ్డాక తేవద్దు, అప్పుడు తీరం నీటిలో ఉప్పు తగ్గిపోతుంది. లోపలి జిల్లాలవాళ్ళు అక్వేరియం కోసమే అమ్మే సముద్ర లవణం కొనుక్కోవాలి.

లీటరుకు 35 గ్రాముల చొప్పున నలభై లీటర్లలో 1400 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఎండలకు నాలుగు లీటర్లు ఆవిరైతే నీరే పోతుంది, ఉప్పు పోదు. అప్పుడు లీటరుకు దాదాపు 39 గ్రాములవుతుంది. చేప అయితే తన ఒంట్లోని ఉప్పును సర్దుకోగలదు. సముద్రపు అకశేరుకాలలో చాలావాటికి ఆ శక్తి లేదు, బయటి నీరెలా ఉంటే లోపలి ద్రవమూ అలాగే ఉంటుంది. కనుక నీటి మట్టం దగ్గర గీత గీసి, తగ్గినప్పుడల్లా మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు వెడల్పాటి బక్కెట్లో నిలవ ఉంచండి. రాగి బిందెలో మాత్రం వద్దు. పీతల, నత్తల రక్తానికి నీలి రంగునిచ్చేది రాగే అయినా, నీటిలో కరిగిన రాగి వాటిని చంపేస్తుంది. మైలుతుత్తం కలిసిన చేపల మందులు కూడా తొట్టె దరిదాపులకు రాకూడదు.

మొదట రెండు మూడు సన్యాసి పీతలు, రెండు నత్తలు చాలు. వాటిని ఒక్కసారిగా నీటిలో పడేయకుండా, తెచ్చిన నీటిలోకే తొట్టె నీటిని చుక్కచుక్కగా గంటసేపు కలపాలి. పీతలకు వాటి గుల్లలకంటే కొంచెం పెద్దవైన ఖాళీ గుల్లలు నాలుగైదు వేసి ఉంచండి, లేకపోతే గుల్లల కోసం కొట్టుకుంటాయి. ఒక రోజు ఉదయం పీత చచ్చి పడి ఉన్నట్టు కనిపిస్తే తొందరపడి పారేయవద్దు. అది విడిచిన పాత చర్మం కావచ్చు, అసలు పీత ఎక్కడో దాక్కుని ఉంటుంది. సముద్ర నక్షత్రాలు, సీ ఎనిమోన్లు అందంగా ఉంటాయి గానీ, తొట్టెకు ఏడాది వయసు వచ్చేదాకా వాటి జోలికి పోవద్దు. పగడాలు, సముద్ర దోసకాయలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. ఒడ్డున దొరికిన చనిపోయిన పగడం ముక్కను కూడా తేకూడదు.

మేత రెండు రోజులకొకసారి, గోరంత చాలు. వారానికొకసారి నాలుగు లీటర్లు తీసి, అంతే ఉప్పున్న కొత్త నీరు పోయాలి.

చివరిగా హాస్టలుకు సంబంధించిన మాట. దసరాకు, సంక్రాంతికి, వేసవికి అందరం ఇళ్ళకు పోతాం. ఆ రోజుల్లో నీటి గీత చూసేదెవరు, కరెంటు పోతే పంపు సంగతి చూసేదెవరు అన్నది తొట్టె కొనకముందే తేల్చుకోవాలి. వాచ్‌మన్ అన్నకు నేర్పితే సెలవు రోజులు గడుస్తాయి. వేసవికి మనిషి దొరక్కపోతే జూన్‌లో మొదలుపెట్టి, ఏప్రిల్‌లో జీవులను తెచ్చిన ఒడ్డునే వదిలిపెట్టాలి. దుకాణంలో కొన్నవాటిని మాత్రం సముద్రంలో వదలకూడదు, పెంచగలిగినవారికి ఇవ్వాలి.